ముక్తినాథ్ దారిలో ఇరవై నిమిషాలు

స్వర్ణోత్సవాలు ముగిశాక మన బ్యాచ్‌వాళ్ళం పదిమందిమి ముక్తినాథ్ వెళ్ళాలనుకుంటున్న సంగతి సంఘంలో చాలామందికి తెలుసు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. సాలగ్రామాలు దొరికే గండకీ నది పక్క దారి. నేపాల్‌లోని పోఖరా దాకా ఎవరికీ పేచీ లేదు. అక్కడినుంచి జోమ్‌సోమ్ వెళ్ళడానికే రెండు దారులు. జీపులో అయితే కనీసం ఒక పూట, కొండచరియ విరిగిపడితే రోజంతా. చిన్న విమానంలో అయితే ఇరవై నిమిషాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు విమానం అన్నారు. టీవీ వార్తలు ఎక్కువగా చూసేవాళ్ళు జీపన్నారు. "ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పావు, కాస్త చదివి ఏది మేలో నువ్వే చెప్పరా" అని నాకు అప్పగించారు. చదివాను. చదివింది వాట్సాప్‌లో పెట్టడానికి మరీ ఎక్కువైంది గనక ఇక్కడ రాస్తున్నాను.

హిమాలయాల్లో చిన్న విమానాల కథ మన దేశంలోనే మొదలైంది. 1933 ఏప్రిల్ 3న బీహార్‌లోని పూర్ణియా దగ్గర లాల్‌బాలు అనే మైదానం నుంచి రెండు బ్రిటిష్ విమానాలు లేచాయి. ఒక్కో దాంట్లో ఇద్దరేసి మనుషులు, రెండంతస్తుల రెక్కలు, ఒకటే ఇంజను. ఖర్చు పెట్టింది లేడీ హ్యూస్టన్ అనే సంపన్నురాలు. లక్ష్యం ఎవరెస్టు మీదుగా ఎగిరి రావడం. ముందు విమానం పైలట్ లార్డ్ క్లైడ్స్‌డేల్, రెండోదానికి మెకింటైర్. శిఖరం దగ్గరపడే వేళకు ఎవరూ ఊహించనిది జరిగింది. ఇంజన్లు బాగానే పనిచేస్తున్నాయి, ముక్కు పైకే ఉంది, అయినా విమానాలు కిందికి జారిపోతున్నాయి. కొండ అవతలి వైపు నుంచి వచ్చిన గాలి శిఖరం దాటి ఇవతలికి జలపాతంలా దిగుతోంది, ఆ ధారలో ఇవి ఇరుక్కున్నాయి. వేయి అడుగులకు పైగా ఎత్తు అలా పోయింది. పైగా వెనక కూర్చున్న కెమెరామన్ బానెట్‌కి ఆక్సిజన్ గొట్టం చిట్లింది. చేతిరుమాలుతో దాన్ని కట్టుకుని, ఆపైన స్పృహ తప్పాడు. అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. ఎవరెస్టు మీద మనిషి ఎగిరిన మొదటి రోజుగా అది పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ దిగుడుగాలి సంగతి మాత్రం పైలట్లకు తప్ప మిగతావాళ్ళకు అంతగా గుర్తులేదు.

రెండో ప్రపంచయుద్ధంలో అస్సాం నుంచి చైనాలోని కున్మింగ్‌కు కొండల మీదుగా సరుకు మోసిన 'హంప్' దారి సంగతి మన బడిలో ఏ పాఠంలోనూ లేదు. 1942 నుంచి 1945 దాకా ఆ ఒక్క దారిలో దాదాపు ఆరు వందల విమానాలు పోయాయి. అవి మనం ఎక్కబోయే వాటికంటే పెద్దవి, వాటి కథ వేరు. అయినా తరవాత వచ్చిన పైలట్లందరికీ పాఠం ఆ దారే. చలికి రెక్కల మీద మంచు కట్టడం, మబ్బులో దారి తప్పడం, కనుమల్లో గాలి సుడులు, అన్నీ అక్కడ జరిగినవే.

1960లో స్విస్ పర్వతారోహకులు ధవళగిరి ఎక్కడానికి వస్తూ పిలాటస్ పోర్టర్ అనే ఒంటి ఇంజన్ విమానాన్ని వెంట తెచ్చుకున్నారు. దానికి 'యెతి' అని పేరు. పైలట్లు ఎర్నస్ట్ సాక్సర్, ఎమిల్ విక్. చక్రాలకు స్కీలు తొడిగి 5,700 మీటర్ల ఎత్తున మంచు మీద దించారు. అంత ఎత్తున అప్పటిదాకా ఎవరూ విమానం దించలేదు. మధ్యలో ఇంజను పాడైతే కొత్తది తెప్పించి బిగించారు కూడా. చివరికి మే 5న దంబుష్ కనుమ దగ్గర కూలింది. పైలట్లిద్దరికీ ఏమీ కాలేదు, కాలినడకన కొండ దిగి వచ్చారు. అది జరిగిన వారం రోజులకే, మే 13న, ఆ జట్టు శిఖరం చేరింది. మనం జోమ్‌సోమ్ వెళ్ళేటప్పుడు ఒక పక్కన కనిపించే కొండ ఈ ధవళగిరే.

ఇక లుక్లా. మన దారిలో లేదు గానీ ఆ ఊరి గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ ఆ తరవాత జీవితమంతా షెర్పా పల్లెల్లో బళ్ళు, ఆసుపత్రులు కట్టించాడు. 1961లో ఖుంజుంగ్‌లో మొదటి బడి. తరవాత ఖుందేలో ఆసుపత్రి తలపెట్టాడు. ఇనుము, సిమెంటు, మందులు అన్నీ మనుషుల వీపుల మీద రోజుల తరబడి మోయించాలి. దగ్గర్లో విమానం దిగేచోటు ఉంటే బాగుంటుందనుకున్నాడు. కింద చదునైన పొలాలు అడిగితే రైతులు ఇవ్వలేదు. ఎందుకిస్తారు? కొండల్లో చదును నేల ఉన్నదే పిసరంత. చివరికి ఎవరికీ అంతగా పనికిరాని ఏటవాలు నేల దొరికింది. 1964లో షెర్పాలే దాన్ని చెక్కి చదును చేశారు. మట్టి మెత్తగా ఉందని హిల్లరీకి అనుమానం. రోడ్డు రోలరు అక్కడికి ఎలా వస్తుంది? ఛాంగ్ అనే వాళ్ళ కల్లు తెప్పించి, అందరినీ చేతులు కలిపి వాళ్ళ నాట్యం ఆడమన్నాడు. కాళ్ళు నేలకేసి దబదబా కొడుతూ ఆడే నాట్యం అది. ఆ తొక్కుడుకే నేల గట్టిపడింది. ఈ ముచ్చట ఆయనే చెప్పుకున్నాడు. తారు పడింది 2001లో.

ఆ రన్‌వే పొడవు 527 మీటర్లు. మన బడి గేటు నుంచి రైతుబజారు దాకా కూడా రాదు. పైగా అది చదునుగా లేదు, నూటికి దాదాపు పన్నెండు వంతు వాలు. కింది కొసకీ పై కొసకీ ఎత్తులో తేడా అరవై మీటర్లు. పై కొసన కొండగోడ, కింది కొసన దూద్‌కోసి లోయ. అందుకే దిగే విమానాలు ఎగువకు దిగాలి, లేచేవి దిగువకు లేవాలి. గాలి ఎటు వీచినా అంతే. ఎగువకు దిగితే వాలే బ్రేకు వేస్తుంది, దిగువకు పరుగెడితే వాలే తోస్తుంది. చూస్తే తెలివైన ఏర్పాటే. కానీ దిగడానికి ఒక హద్దు దాటి వచ్చాక పైలట్ మనసు మార్చుకోవడానికి లేదు. ఎదురుగా కొండ. 2008 అక్టోబరు 8న రన్‌వే మీదికి ఉన్నట్టుండి పొగమంచు కమ్మింది. దిగబోతున్న ట్విన్ ఆటర్ రన్‌వే అంచుకు కిందుగా తగిలింది. 19 మందిలో 18 మంది పోయారు, పైలట్ ఒక్కడే మిగిలాడు. అదే ఏడాది జనవరిలో హిల్లరీ చనిపోయాక ఆ విమానాశ్రయానికి టెన్జింగ్-హిల్లరీ పేరు పెట్టారు.

హిల్లరీని చిన్న విమానం ఇంకోలా దెబ్బతీసింది. 1975లో ఆయన ఫాప్లూలో ఆసుపత్రి కట్టిస్తున్నాడు. మార్చి 31న భార్య లూయిస్, పదహారేళ్ళ కూతురు బెలిండా ఆయన దగ్గరకు కాఠ్మాండూ నుంచి పోర్టర్ విమానంలో బయల్దేరారు. లేచిన కాసేపటికే కూలింది, ఎవరూ దక్కలేదు. విమానం నేల మీద నిలబెట్టినప్పుడు రెక్కల చివరి పలకలు గాలికి కొట్టుకోకుండా పిన్నులు పెడతారు. ఎగిరేముందు అవి తీయాలి. తీయలేదు. దీనికి కొండను తప్పుపట్టలేం, మబ్బునూ తప్పుపట్టలేం. అయినా ఇక్కడ రాయడానికి కారణం ఉంది. కొండల్లో విమానాల గురించి మాట్లాడేటప్పుడు మనం అన్నీ ప్రకృతి ఖాతాలో వేసేస్తాం. దర్యాప్తు నివేదికల్లో మాత్రం మనిషి చెయ్యి తరచుగా కనిపిస్తుంది.

ఇప్పుడు కాస్త లెక్కలు. తప్పదు. సైన్సు మాష్టారు ఉంటే ఇంతకంటే బాగా చెప్పేవారు.

లుక్లా, జోమ్‌సోమ్ రెండూ ఇంచుమించు తొమ్మిదివేల అడుగుల ఎత్తున ఉన్నాయి. అక్కడి గాలి మన సముద్రతీరపు గాలిలో మూడొంతులకు కాస్త అటూ ఇటూ చిక్కదనమే ఉంటుంది. ఎండెక్కితే ఇంకా పలచబడుతుంది. రెక్కను మోసేది గాలి గనక, గాలి పలచనైతే అదే బరువు మోయడానికి విమానం ఇంకా వేగంగా కదలాలి. ఇంజను పీల్చుకునేదీ ఆ పలచటి గాలే, కాబట్టి దాని బలమూ తగ్గుతుంది. పైలట్ ముందున్న వేగం ముల్లు మాత్రం కింద చూపించినంతే చూపిస్తుంది. అది కొలిచేది గాలి ఒత్తిడిని కాబట్టి. ముల్లు 90 నాట్లు చూపిస్తుంటే అసలు వేగం 103 దాకా ఉంటుంది. పదిహేను శాతమే కదా అనిపిస్తుంది. కానీ మలుపు తిరగడానికి కావలసిన చోటు వేగానికి వర్గంగా పెరుగుతుంది. ముప్ఫై డిగ్రీలు ఒరిగి వెనక్కి తిరగాలంటే సముద్రమట్టంలో ముప్పావు కిలోమీటరు వెడల్పు చాలేది, అక్కడ కిలోమీటరు కావాలి. లోయ వెడల్పు కిలోమీటరు లేకపోతే? ముందు మబ్బు కమ్మిందని తెలిసేసరికి వెనక్కి తిరిగే చోటు వెనకే ఉండిపోతుంది. అందుకే కొండల్లో నడిపే పైలట్లకు నేర్పే మొదటి సంగతుల్లో ఒకటి, లోయ మధ్యలో కాకుండా ఒక గట్టు పక్కగా ఎగరమని. తిరగాల్సి వస్తే మొత్తం వెడల్పు చేతిలో ఉంటుంది.

పైనుంచి వెళ్ళొచ్చు కదా అని మనవాళ్ళలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. ఈ దారుల్లో తిరిగే ట్విన్ ఆటర్ 1965లో కెనడాలో మొదట ఎగిరిన రకం. పందొమ్మిది మందిని ఎక్కించుకుని చిన్న మట్టి రన్‌వే మీద దిగి లేవగలదు, అందుకే ప్రపంచమంతా దాన్ని ఇంకా వాడుతోంది. కానీ దాని లోపలి గాలికి ఒత్తిడి పెంచే ఏర్పాటు లేదు. ఆక్సిజన్ లేకుండా ప్రయాణికులను పదీ పన్నెండు వేల అడుగులకు మించి ఎక్కువసేపు తీసుకెళ్ళలేరు. జోమ్‌సోమ్ దారికి ఒక పక్క ధవళగిరి 8,167 మీటర్లు, ఇంకో పక్క అన్నపూర్ణ 8,091 మీటర్లు. అంటే ఇరవై ఆరువేల అడుగుల పైమాట. పైనుంచి పోవడం కుదరని పని. ఆ రెండింటి మధ్య కాళీగండకీ తొలిచిన సందులోంచి, కళ్ళతో చూసుకుంటూ పోవాలి. కళ్ళతో అంటే నిజంగా కళ్ళతోనే. మబ్బులోకి పోకూడదన్నదే అక్కడ నియమం. మా మబ్బుల్లో రాళ్ళుంటాయని నేపాల్ పైలట్లు అంటారట.

ఆ సందులో గాలికి ఒక దినచర్య ఉంది. తెల్లవారుజామున అంతా ప్రశాంతం. ఎండ ఎక్కేకొద్దీ ఎగువన టిబెట్ వైపు బీడునేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, దాని చోటు నింపడానికి దిగువ గాలి లోయ గుండా ఎగువకు తోసుకొస్తుంది. మధ్యాహ్నానికి జోమ్‌సోమ్‌లో మనిషి నిలబడటం కష్టం. అందుకే విమానాలన్నీ ఉదయం పూటే. ఇక్కడే తిరకాసు. పొద్దున్నే మబ్బుంటే ఆగాలి. మబ్బు విచ్చేదాకా ఆగితే గాలి మొదలవుతుంది. మిగిలే కొద్ది సమయంలో మూడు నాలుగు ట్రిప్పులు పూర్తి చేయాలి. కింద యాత్రికులు సామాన్లతో నిలబడి గడియారం చూసుకుంటూ ఉంటారు. ఆ గుంపులో రేపు మనమూ ఉంటాం.

2012 మే 14న పోఖరా నుంచి వెళ్ళిన డోర్నియర్ విమానం జోమ్‌సోమ్‌లో దిగబోయి, దిగలేక వెనక్కి తిరుగుతుండగా కొండను తాకింది. 21 మందిలో 15 మంది చనిపోయారు. వాళ్ళలో 13 మంది మన దేశంవాళ్ళు, ముక్తినాథ్ వెళ్తున్న యాత్రికులు. 2016 ఫిబ్రవరి 24న అదే దారిలో ట్విన్ ఆటర్ కూలి 23 మందీ పోయారు. ఆ విమానం కొత్తది, కొని ఎన్నాళ్ళో కాలేదు. 2022 మే 29న మళ్ళీ అదే దారి, మళ్ళీ ట్విన్ ఆటర్. ఈసారి విమానం 1979లో తయారైంది. 22 మంది. నలుగురు మనవాళ్ళు, మహారాష్ట్రకు చెందిన ఒకే కుటుంబం. ఉదయం పదికి కాస్త ముందు లేచింది. శిథిలాలు మర్నాడు సుమారు 14,500 అడుగుల ఎత్తులో కనబడ్డాయి. కొత్త విమానమూ పోయింది, పాతదీ పోయింది. అందుకే "పాత డబ్బా విమానాలు" అని టీవీలో అరిచినప్పుడు నాకు అది సగం మాటే అనిపిస్తుంది. రెండిట్లోనూ దర్యాప్తుల్లో తేలింది మబ్బులోకి వెళ్ళడమే.

2022 నివేదికలో ఇంకో ముక్క ఉంది, నన్ను రెండు రోజులు వదల్లేదు. ముందు కొండ ఉందని హెచ్చరించే యంత్రం ఆ విమానంలో ఉంది. దాన్ని ఆపేసి ఉంచారు.

ఆ యంత్రానికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికన్ ఇంజనీరు డాన్ బేట్‌మన్ దాని కోసం జీవితమంతా పెట్టాడు. 1971లో అలాస్కాలో జూనో దగ్గర ఒక జెట్ విమానం కొండను ఢీకొని 111 మంది చనిపోయారు. ఆయన ఆ దారినే ఎగిరి చూసి, తన యంత్రం ముందుగా హెచ్చరించడానికి ఇంకేం కావాలో ఆలోచించాడు. మొదట అది కింద నేల ఎంత దూరంలో ఉందో మాత్రమే కొలిచేది. నిటారు కొండ ఎదురైతే ఆలస్యంగా అరిచేది. 1990ల్లో, సోవియట్ యూనియన్ కూలిపోయాక, అక్కడి సైనిక పటాల సమాచారం కొని, భూమి మీది కొండలన్నిటినీ యంత్రం జ్ఞాపకంలో పెట్టారు. ఇప్పుడది ముందున్న కొండను కూడా చెబుతుంది. "టెరెయిన్, టెరెయిన్", "పుల్ అప్" అని మనిషి గొంతుతో అరుస్తుంది. పెద్ద విమానాలు బాగా ఉన్నప్పుడే కొండల్ని గుద్దుకునే జబ్బు దీనితో చాలావరకు నయమైంది.

మరి దాన్ని ఎందుకు ఆపుతారు? కాళీగండకీ లోయలో మంచి ఎండలో, అంతా కళ్ళకు కనబడుతూ, నియమం ప్రకారం పోతున్నా సరే, రెండు వైపులా కొండలు దగ్గరగా ఉంటాయి కాబట్టి అది అరుస్తూనే ఉంటుంది. రోజుకు నాలుగు ట్రిప్పులు, ప్రతి ట్రిప్పులో అరుపులు. చెవిలో హోరు భరించలేక మీట నొక్కేస్తారు, నొక్కే వీలు కూడా యంత్రంలోనే పెట్టారు. వంద రోజులు దానివల్ల ఏ నష్టమూ ఉండదు. నూట ఒకటో రోజు మబ్బు వస్తుంది. మన వీధిలో తాకిడికల్లా మోగే కారు అలారాన్ని ఎవరైనా పట్టించుకుంటున్నామా? అయినా ఆ పైలట్లను తేలిగ్గా తిట్టలేకపోతున్నాను. అలాంటి లోయకు సరిపడేలా ఆ అరుపును సవరించాల్సిన బాధ్యత కాక్‌పిట్‌లో కూర్చున్న ఇద్దరిదే కాదు. ఐరోపా సంఘం 2013 డిసెంబరులోనే నేపాల్ విమాన సంస్థలన్నిటినీ తన గగనతలంలోకి రాకుండా నిషేధించింది. అది పైలట్ల మీద కోపంతో కాదు, అక్కడ పర్యవేక్షణ సరిగా లేదని.

కొండలంటే హిమాలయాలే కానక్కర్లేదు. మన నల్లమలలో చాలా శిఖరాలు వేయి మీటర్ల లోపే. 2009 సెప్టెంబరు 2 ఉదయం ఎక్కడున్నారో మనలో ప్రతివాళ్ళకూ గుర్తుంటుంది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ ఉదయం 8:38కి బేగంపేటలో లేచి చిత్తూరు జిల్లాకు బయల్దేరింది. గంటలోపే ఆచూకీ లేదు. ఆ పగలు, ఆ రాత్రి వానలో అడవంతా వెతికారు. మర్నాడు పొద్దున వైమానిక దళం హెలికాప్టర్‌కు పావురాలగుట్ట మీద కనబడింది. ఆయనతో పాటు ఇద్దరు అధికారులు, ఇద్దరు పైలట్లు, అందరూ పోయారు. ఆ తరవాత మన ఊళ్ళలో ఎన్ని కథలు తిరిగాయో మీకు చెప్పనక్కర్లేదు, వాటిని ఇక్కడ ఎత్తుకోను. దర్యాప్తు సంఘం నివేదిక చెప్పిందేమంటే, గేర్లకు నూనె ఒత్తిడి గురించి ఒక హెచ్చరిక కనబడితే పైలట్లు కొన్ని నిమిషాల పాటు పుస్తకం తిరగేస్తూ దానిమీదే దృష్టి పెట్టారు. ఆ నిమిషాల్లోనే ముందున్న క్యుములోనింబస్ మబ్బును తప్పించుకునే నిర్ణయం జరగలేదు. మబ్బులోని బలమైన దిగుడుగాలి హెలికాప్టర్‌ను కిందికి విసిరింది. 1933లో ఎవరెస్టు దగ్గర ఆ ఇద్దరు పైలట్లకు ఎదురైంది కూడా దిగుడుగాలే. వాళ్ళ కింద వేయి అడుగులు పోగొట్టుకునేంత ఖాళీ ఉంది. నల్లమల మీద అంత లేదు.

2011 ఏప్రిల్ 30న అరుణాచల్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూ తవాంగ్ నుంచి బయల్దేరిన హెలికాప్టర్‌కూ ఇదే గతి పట్టింది. దాన్ని కనుక్కోవడానికి రోజులే పట్టాయి. ఇద్దరు ముఖ్యమంత్రులకు దొరికే వెతుకులాటే అంత కష్టమైతే, మామూలు యాత్రికుల సంగతి ఊహించుకోవచ్చు.

ఇదంతా చదివి భయపెట్టాలని కాదు. ఆ లోయలో రోజూ విమానాలు తిరుగుతున్నాయి, ఎక్కువ రోజులు క్షేమంగానే తిరుగుతున్నాయి. కొండచరియల కింద పడిన జీపుల జాబితా రాయమంటే అదీ చిన్నదేమీ కాదు. ఇంకో సంగతి, ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైనే. ఇరవై నిమిషాల్లో తొమ్మిదివేల అడుగులకు ఎగిరిపోయి, ఆ పూటే పైకి వెళ్తే మన వయసువాళ్ళకు తలతిప్పు, ఆయాసం తప్పవు. జీపు నెమ్మది ఒంటికి మంచిదే.

మొన్న ఆదివారం అందరం కూర్చుని ఇదంతా మాట్లాడుకున్నాం. ఆరుగురు జీపన్నారు, నేనూ అందులోనే. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముగ్గురు, వాళ్ళకు తోడుగా ఒకరు, మొత్తం నలుగురు తెల్లవారి మొదటి విమానానికి పేర్లిచ్చారు. పోఖరాలో రెండు రాత్రులు అదనంగా గదులు మాట్లాడమని చెప్పాను. మొదటి విమానం రద్దయితే ఆ రోజుకు రెండోదాని కోసం కౌంటరు దగ్గర గొడవపడకూడదని, గదికి తిరిగొచ్చి మర్నాడు చూసుకోవాలని, రెండో రోజూ కుదరకపోతే జీపెక్కాలని నలుగురూ ఒప్పుకున్నారు. ప్రయాణం తేదీలు ఇంకా ఖాయం కాలేదు. ఖాయమయ్యాక సంఘం కార్యదర్శి తెలియజేస్తారు.